బాలకిషన్ సేఠ్ గొంతు

పాండురంగం మూడోసారి ల్యాప్‌టాప్‌ను ఆపి, మళ్లీ వేశాడు. అది మేల్కొనేలోపు ఊరికే కూర్చోలేక, అరిగిపోయిన టూత్ బ్రష్షుతో ఇంకెవరిదో కీబోర్డు మీది దుమ్ము దులపసాగాడు. తెర వెలిగింది. కింద కుడి మూల వైఫై గుర్తు ఉండాల్సిన చోట వైఫై బందైందని చెప్పే చిన్న విమానం బొమ్మ కనిపించింది. దాన్ని నొక్కితే ఒక్క క్షణం మసకబారి మళ్లీ అక్కడే నిలబడింది.

"ఉండు, నీ సంగతి జెప్త," అన్నాడు దానితో.

పురానాపూల్ దగ్గర ఒక పాత మేడ మెట్ల కింద అతని దుకాణం. పొడుగు మనిషి అందులో నిలబడలేడు. పాండురంగం పొట్టివాడు కాబట్టి సరిపోయింది. యాభై దాటిన వయసు, సోల్డరింగ్ పొగకు ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్లు. ఎడమ బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచుకున్నాడు, ల్యాప్‌టాప్ మూతలు ఊడదీయడానికి. బోర్డు మీద ఇప్పటికీ 'రేడియో, టేప్ రికార్డర్ రిపేర్' అనే ఉంటుంది. రేడియోలు పోయాయి, టేపులు పోయాయి, బోనాలకు అద్దెకిచ్చిన మైకుసెట్టు గొంతు బొంగురుపోయి మూలపడింది, నడుమ పెట్టిన ఇంటర్నెట్ కేంద్రం చేతి ఫోన్లు వచ్చి మూతబడింది. బోర్డు మార్పించేలోపు సామానే మారిపోతుందని అతని భార్య సావిత్రి ఎగతాళి చేస్తుంది. అందులో అబద్ధం లేదు గనక అతను కూడా నవ్వుతాడు.

అతనికి ఒక మొండితనం ఉంది. వచ్చిన సామానును బాగుచేయకుండా వాపసు ఇవ్వలేడు. పని నేర్పిన ఉస్తాద్ హమీద్ భాయ్ దగ్గర అబ్బిన అలవాటు అది. పాడైన ట్రాన్సిస్టరును బల్ల మీద పెట్టి "మెహమాన్ ఆయా పాండూ, ఖాలీ పేట్ నక్కో భేజో" అనేవాడు ఆయన, వచ్చిన చుట్టాన్ని ఖాళీ కడుపుతో పంపొద్దని. పక్క దుకాణాల కుర్రాళ్లు పాత మిషన్ చూడగానే కొత్తది కొనుక్కోమని పంపేస్తారు. పాండురంగం మాత్రం రెండు పూటలు కూర్చుని, టీ డబ్బులు కూడా రాని పనికి చెమటోడుస్తాడు. ఆ సంగతి కార్వాన్ దాకా పాకింది. అందుకే వరమ్మ తన భర్త బాలకిషన్ ల్యాప్‌టాప్‌ను అతనికే పంపింది.

బాలకిషన్ కార్వాన్‌లో చింతపండు టోకు వర్తకుడు. బస్తా చూడకుండా గుప్పెడు వాసన చూసి ధర చెప్పే మనిషి. అరిచాడంటే వీధి చివర బండి ఆగేదట. పోయినేడు గొంతులో పుండు లేచింది. ప్రాణం దక్కించాలంటే గొంతు తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. తీసేశారు. ఇంటికొచ్చాక ఆరు నెలలు పలక మీద రాస్తూ గడిపాడు. అప్పుడు మనవరాలు స్రవ్య ఇంటర్నెట్‌లో ఒక పేజీ వెతికి పెట్టింది. తెలుగులో ఏం కొడితే దాన్ని ఆడగొంతుతో చదివి వినిపిస్తుంది అది, కంప్యూటరులోనే గానీ చేతి ఫోన్లలో పలకదు. ఆ రోజు నుంచి చాయ్ వేళకల్లా బాలకిషన్ ల్యాప్‌టాప్‌ను ల్యాండ్‌లైన్ ఫోను పక్కన పెట్టుకుని, స్పీకరు వేసి, యాకుత్‌పురాలో ఉన్న సామ్యూల్‌తో మాట్లాడతాడు. సామ్యూల్ రైల్వే గూడ్స్ షెడ్డులో పనిచేసి రిటైరైనవాడు. తడిసిన చింతపండు బస్తాల మీద మొదలైన తగాదా వాళ్లది, స్నేహమై నలభై ఏళ్లుగా నడుస్తోంది. సామ్యూల్‌కు షుగరు వల్ల చూపు పోయింది. ఆయన చదవలేడు, ఈయన మాట్లాడలేడు. వాళ్ల నడుమ ఉన్నదల్లా ఆ పేజీ ఒక్కటే.

పోయిన వారం ఆ పేజీ, పాత సిస్టమ్‌లో ఇంకొద్ది రోజులే పలుకుతానని హెచ్చరించింది. స్రవ్య మొన్న పొద్దున కాలేజీకి పోతూ కొత్త సిస్టమ్ ఎక్కించడానికి పెట్టిపోయింది. సాయంత్రం మాట నడుమలో మిషన్ దానంతట అదే ఆగి, మళ్లీ మొదలై, కొత్త రూపంతో లేచింది. వైఫై మాత్రం లేవలేదు. ఆగింది కూడా మంచి చోట కాదు. సామ్యూల్ కాలికి పుండు ముదిరి, మోకాలి కింద తీసేయాలన్నారు. కాలు పోతే పోనియ్, నేను గొంతు ఇయ్యలేదా అని బాలకిషన్ కొట్టాడు. నీకు గొంతు పోయినా నోరు పోలేదని సామ్యూల్ మండిపడ్డాడు. దానికి జవాబు రాలేదు. కోపం వచ్చి ఫోను పెట్టేశాడనుకున్నాడు సామ్యూల్.

పాండురంగం బ్రష్షు పక్కన పెట్టేలోపు ఫోను మోగింది. వరమ్మ.

"పాండూ, ఏమైంది బిడ్డా?"

"చూస్తున్ననమ్మా. అయితది."

"రేపు పొద్దుగాలనే సామ్యూలన్న ఆపరేషన్. ఇయ్యాల సాయంత్రం మాట్లాడకుంటె ఈయన అన్నం ముట్టేటట్టు లేడు."

"మీరు చదివి వినిపియ్యరాదు?"

"నిన్న వినిపించిన. ఈయన రాసింది ఉన్నదున్నట్టు చదవాలంటె నాకు నోరు రాలె. గాడిద అని రాస్తే అన్నా అని చదివిన. బాలకిషన్ నన్నెన్నడు ఇంత మర్యాదగ పిల్వలే వదినా, వాన్నే మాట్లాడమను అని పెట్టేసిండు."

పాండురంగం ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని షట్టరు దించాడు. వాళ్ల రౌటరు దగ్గరే కూర్చుని తేల్చుకోవాలి అనుకున్నాడు. సాయంత్రం లోపు తేల్చాలి.

కార్వాన్‌లో బాలకిషన్ ఇల్లు పాతకాలపు గోడలతో కట్టింది. వెనక గదిలోకి ఎండ రాదు, ఫోను సిగ్నలు అంతకన్నా రాదు. అందుకే స్రవ్య వైఫై పెట్టించింది. బాలకిషన్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బస్తాలెత్తిన భుజాలు ఇప్పుడు చొక్కాలో వదులుగా వేలాడుతున్నాయి. కళ్లలో పౌరుషం మాత్రం తగ్గలేదు. పాండురంగాన్ని చూడగానే పలక ఎత్తాడు. 'అయితదా?' అని ఉంది.

"అయితది సేఠ్."

అన్నాడు గానీ అతనికి నమ్మకం లేదు. నమ్మకం లేకుండా మాట ఇచ్చినందుకు సిగ్గేసింది. తల వంచుకుని పనిలో పడ్డాడు.

మొదట దుకాణం నుంచి తెచ్చిన వైఫై పుల్లను పక్క రంధ్రంలో గుచ్చాడు. పుల్లలో దీపం వెలిగింది, విమానం కదల్లేదు. రౌటరు నుంచి వైరు లాగుదామంటే, వైరు దూర్చే రంధ్రంలో పిన్నులు ఎప్పుడో వంగి విరిగి ఉన్నాయి. ఇక డ్రైవరు మీదే పడ్డాడు. కొత్త సిస్టమ్‌కు పాత వైఫై చిప్పు భాష తెలియదు, ఆ భాష నేర్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు అని వరమ్మకు చెప్పాడు. ఆమె తలూపింది. దాన్ని నెట్టులోంచి దించుకోవాలి. తన పాత ఫోను సిమ్ము నెట్టును మాత్రమే పంచగలదు గనక, దాన్ని కేబులుతో మిషన్‌కు కలిపి, సిగ్నలు కోసం డాబా ఎక్కాడు.

డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాడు. పిట్టగోడ మీద ఎవరో ఆరబెట్టిన వడియాల చుట్టూ పిచ్చుకలు గొడవ పడుతున్నాయి. డ్రైవరు చుక్కచుక్కగా దిగింది. ఎక్కించాడు. విమానం అక్కడే ఉంది. అది తీసేసి ఇంకా పాతది వెతికి ఎక్కించాడు. విమానం చెక్కుచెదరలేదు. మిషన్ మూల అమరికలుండే బయోస్‌లోకి పోయి అన్నీ మొదటికి తెచ్చాడు. బ్యాటరీ ఊడదీసి, మీట నొక్కి పట్టుకుని, లోపల మిగిలిన కరెంటు కూడా పోనిచ్చాడు. ఎండ నీడను తరుముకుంటూ వచ్చి అతని మోకాళ్ల మీదికి ఎక్కింది. సావిత్రి ఫోన్ చేసింది.

"అన్నం దిన్నవా?"

"తింట."

"ఇంకా ఆ చింతపండు సేఠ్ మిషనేనా?"

"అదే."

"అయ్యేదాక ఇంటికి రావని ఎరుకే. రాత్రికి నీకు గిన్నెల పెట్టుడా, మిషన్ల పెట్టుడా చెప్పు," అని నవ్వి పెట్టేసింది.

కిందికి దిగాక వరమ్మ పెరుగన్నం, మామిడికాయ తొక్కు పెట్టింది. తింటున్నంతసేపూ బాలకిషన్ అతన్నే చూస్తున్నాడు. ఒకసారి పలక తుడిచి రాశాడు: 'కాకుంటె నన్ను డాబా మీదికి మొయ్యున్రి. నీ ఫోన్ నెట్టుతోనే మాట్లాడ్త.' వరమ్మ చదివి పలక లాక్కుంది. పక్కకు ఒత్తిగిలితేనే ఊపిరి అందని మనిషిని ఆ ఇరుకు మెట్ల మీదుగా ఎవరు మోస్తారు? బాలకిషన్ కళ్లెర్ర చేశాడు. ఆమె కూడా చేసింది. పాండురంగం గబగబా చేయి కడుక్కున్నాడు.

ఇంకేం మిగిలింది? తల గోక్కున్నాడు. ఒకటే మిగిలింది, ఒప్పుకోవడం. సేఠ్, నాతోని కాలేదు అనాలి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ, వాపసు ఇచ్చే సామానును తుడిచి ఇవ్వడం అలవాటు కాబట్టి, గుడ్డతో మూత తుడిచాడు, అంచులు తుడిచాడు. ముందంచు దగ్గరికి రాగానే అలవాటుగా గుడ్డను పక్కకు తిప్పాడు. అక్కడ పసుపు మీద కుంకుమ బొట్టు ఉంది, ఎండి గట్టిపడింది. గుడ్డ అక్కడ ఎందుకు తిప్పానని అప్పుడు ఆలోచించాడు.

"అమ్మా, ఈ బొట్టెప్పటిది?"

"దసరా నాటిది. ఇంట్ల ఉన్న మిషిన్లన్నిటికి పెట్టిన. మిక్సీకి, కుట్టుమిషినుకు, సేఠ్ పాత తక్కెడకు. దీనికి గుడ పెట్టిన, ఈయన మాట దీంట్లనే ఉన్నదని."

"గీ అంచు మీదనే ఎందుకు పెట్టిన్రు?"

"గక్కడ చిన్న గుంత ఉండె. బొట్టు మంచిగ నిలుస్తదనిపించింది. వేలితోని అద్దంగ కొంచెం జరిగినట్టయింది గాని."

పాండురంగం మిషన్‌ను తిప్పి అంచును కళ్ల దగ్గరికి పెట్టుకున్నాడు. కొన్ని పాత మోడళ్లకు ముందంచున గోరంత మీట ఉంటుంది. అటు జరిపితే వైఫై ఉంటుంది, ఇటు జరిపితే పోతుంది. మొదటి రోజే దాని కోసం వెతికాడు. పక్కలు చూశాడు, వెనక చూశాడు, దీనికి లేదనుకున్నాడు. ముందంచున బొట్టు కనిపించింది. పూజలో పెట్టిన బొట్టును ఎవరు గోకి చూస్తారు? అతని దుకాణంలో సోల్డరింగ్ ఇనుముకే ఉంది ఒకటి. దసరా తర్వాత కూడా వైఫై బాగానే నడిచింది గనక మీట సంగతి ఎవరికీ పట్టలేదు. పాత సిస్టమ్ ఆ మీటను ఖాతరు చేయలేదు. కొత్తది పద్ధతి గల పిల్లలా మీట మాటే విన్నది.

"దీన్ని తీసెయ్యాలె అమ్మా," అన్నాడు, అనుమతి అడుగుతున్నట్టు.

వరమ్మ కొంగు తడిపి తనే తుడిచింది. పైపొర పోయింది, సందులో పసుపు మాత్రం సిమెంటులా పట్టుకుని ఉంది. పాండురంగం స్పిరిట్ చుక్క వేసి, బ్రష్షు కుచ్చుతో తవ్వి, బొటనవేలి గోరును ఆనించి మెల్లగా నెట్టాడు. కదల్లేదు. మళ్లీ చుక్క వేసి ఓపిక పట్టాడు. నెట్టాడు. 'టిక్' మంది.

విమానం మాయమైంది. దాని చోట వైఫై గీతలు ఒకటొకటిగా లేచి నిలబడ్డాయి.

వరమ్మ పసుపు మరకైన కొంగును చూసుకుంటూ, "నా చేతులతోని నేనే ఆయన నోరు మూసిన్నా బిడ్డా?" అంది.

"మీరేం జేసిన్రమ్మా? నేను నిన్నటిసంది దాన్ని చూస్కుంటనే తిరిగిన."

మంచం మీంచి చప్పట్లు వినిపించాయి. బాలకిషన్ కొడుతున్నాడు. ఆ రెండు చప్పట్లకే ఆయాసపడ్డాడు.

చాయ్ వేళకు ఫోను కలిసింది. బాలకిషన్ ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. కొట్టడానికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడతాడు. దాన్ని గాలిలో తిప్పి, అక్షరం వెతికి పట్టుకుని, నొక్కి, మళ్లీ వెతుకుతాడు. పోదామని లేచిన పాండురంగాన్ని వరమ్మ గ్లాసు చేతిలో పెట్టి కూర్చోబెట్టింది.

"ఏందిరా గాడిదా, పెండ్లికి తయారైనవా?" అంది ల్యాప్‌టాప్, వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో, ఎంతో మర్యాదగా.

అవతల నుంచి సామ్యూల్ గొంతు, పొడిగా: "ఫోన్ బెట్టేసినోనివి నువ్వా, నేనా?"

వేలు చాలాసేపు తిరిగింది. "పెట్టలే. మిషిన్ బందైంది."

"నీ తప్పులన్ని మిషిన్ మీదనే బెట్టు."

"పాండును అడుగు."

"నిజమే సార్. మిషన్‌ది తప్పు," అన్నాడు పాండురంగం, ఫోను వైపు వంగి. వరమ్మ అతని వైపు చూసి తల దించుకుంది.

సామ్యూల్ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. "రేపు పొద్దుగాల తీస్కపోతరు. మా స్వరూప సూట్‌కేసు సర్దింది. రెండు చెప్పులు పెట్టింది. బిడ్డకు ఎట్ల చెప్పాలె, ఒక్కటి చాలని."

బాలకిషన్ వేలు గాలిలోనే ఆగింది. మెల్లగా దిగింది. అక్షరం తర్వాత అక్షరం, తుడిపి మళ్లీ అక్షరం. పాండురంగం చాయ్ చల్లారిపోయింది. సామ్యూల్ తొందరపెట్టలేదు. చివరికి ల్యాప్‌టాప్ చదివింది, ఏ భావమూ లేకుండా, ఒక్కో మాటా స్పష్టంగా:

"గొంతు తీసేటి ముందు రాత్రి నాకు మస్తు భయమైంది. వరమ్మకు చెప్పలే. నీకు చెప్పలే. అందరి ముందట పులి లెక్క ఉన్న. మొన్న నీ మీద ఒర్రింది గుడ అందుకే. భయమైతె భయపడు సామ్యూల్. నేనున్న."

వరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాండురంగం గోడ మీది క్యాలెండరు చూశాడు. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"గిది మొన్ననే చెప్తె ఏం బోయేరా నీకు?"

"మిషిన్ బందైంది."

ఈసారి సామ్యూల్ నవ్వు తెగకుండా వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ పాండురంగం మోపెడ్ మీద తనలో తనే నవ్వుకున్నాడు. రేడియో కాలం నుంచీ ఎన్నో సామాన్లు పలికించాడు. అవేం పలికాయో ఎప్పుడూ కూర్చుని వినలేదు. అయ్యిందా అని సావిత్రి అడిగితే అయ్యింది అన్నాడు. అన్నం పెట్టుకుని మొదటి ముద్ద కలుపుతూ, కలుపుతూనే చాలాసేపు ఉండిపోయాడు.

మర్నాడు, సామ్యూల్‌ను ఆపరేషనుకు తీసుకుపోయే వేళకు, బాలకిషన్ నిద్రలోనే పోయాడు. పాడె పురానాపూల్ శ్మశానానికి పాండురంగం దుకాణం ముందు నుంచే పోయింది. అతను షట్టరు సగం దించి, చెప్పులు వదిలి వెంట నడిచాడు.

మూడోనాడు వరమ్మ కబురు చేసింది. వెనక గదిలో మంచం మీద పక్క తీసేశారు. ల్యాప్‌టాప్ మాత్రం ఫోను పక్కనే ఉంది. వరమ్మ కళ్లు వాచి ఉన్నాయి, గొంతు గట్టిగానే ఉంది.

"సామ్యూలన్నకు ఎవరం చెప్పలేదు. కాలు తీసిన్రు, బీపీ దిగుతలేదట. చాయ్ వేళైతె చాలు, బాలకిషన్ ఎందుకు చేస్తలేడని స్వరూపను సతాయిస్తున్నడట. రెండు రోజులు ఆగున్రి, కుట్లు మానినంక మెల్లగ చెప్త అంటున్నది ఆ పిల్ల. మిషిన్ గొంతు ఎవరు కొట్టినా ఒక్కటే గద పాండూ. రెండు మాటలు కొట్టు బిడ్డా. స్రవ్య కూసున్నది గాని, పిల్లకు వేళ్లు ఆడలే."

పాండురంగానికి అది ఇష్టం లేదు. కాదనడానికి నోరూ రాలేదు. కింద చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఫోను కలిసింది. ఆసుపత్రి వార్డు సందడి, స్వరూప గొంతు, తర్వాత సామ్యూల్ ఊపిరి.

ఇంటర్నెట్ కేంద్రం రోజుల్లో చుట్టుపక్కల అందరి దరఖాస్తులూ కొట్టిన వేళ్లు అవి. గడగడా కొట్టేశాయి.

"ఏందిరా గాడిదా, కాలు నొస్తున్నదా?" అంది ల్యాప్‌టాప్.

అవతల వార్డులో ఎవరో దగ్గారు. ఒక ట్రాలీ దొర్లుకుంటూ పోయింది.

"ఎవరు కొడుతున్రు?" అన్నాడు సామ్యూల్.

పాండురంగం చేతులు గాలిలో ఆగిపోయాయి.

"గీ చప్పుడు వానిది గాదు. వాడు ఒక్క అక్షరం కొట్టి, మల్లొక దాని కోసం ఎతుక్కుంటడు. నేను ఆ ఎతుకుడే ఇనుకుంట కూసుంట. గుడ్డోనికి ఇంకేం గావాలె? వాని గొంతు అదే నాకు. ఆ ఆడమనిషిది గాదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఎప్పుడు పోయిండు?"

పాండురంగం ల్యాప్‌టాప్ మూత మూశాడు. తన గొంతుతోనే చెప్పాడు.

"ఆపరేషన్ నాడు తెల్లారంగ, సార్. నిద్రలనే."

 స్వరూప ఏడుస్తోంది అవతల, నాయినా నాయినా అంటూ. సామ్యూల్ ఏడవడం వినిపించలేదు.

"వదినను ఫోన్ కాడ కూసోమనున్రి," అన్నాడు చివరికి. "ఏం మాట్లాడనవసరం లేదు. ఊకె కూసోమను."

వరమ్మ వచ్చి ఫోను పక్కన నేల మీద కూర్చుంది. ఒక చేయి దాని మీద వేసింది. పాండురంగం చప్పుడు చేయకుండా లేచి సంచి తీసుకున్నాడు. గడప దగ్గర ఆమె వెనక్కి పిలిచి, గూట్లో ఉన్న ప్లాస్టిక్ కవరు వైపు చూపించింది.

"ఆనాడు ఫోన్ మాట్లాడినంక రాత్రి ఈయన నాతోని పెట్టె తీపిచ్చి, అడుగున ఎతికిపిచ్చిండు. ఆసుపత్రిల ఏసీకి సామ్యూల్‌గానికి తలకు చలి పెడ్తదట. పొద్దుగాల పంపుదామని పలక మీద రాసిండు. యాకుత్‌పురా దిక్కు పోతె స్వరూపకిచ్చి పో బిడ్డా."

కవరులో ముదురు గోధుమ రంగు మంకీ క్యాప్ ఉంది, ఇస్త్రీ చేసినంత చక్కగా నాలుగు మడతలు పెట్టి, ఇంకా కలరా ఉండల వాసన వేస్తూ.